హాట్ టబ్ నీళ్లు మార్చి వేడినీళ్లతో నింపుకోవడం: నల్గొండ, పాలమూరు నీళ్లకు తగ్గ సమగ్ర మార్గదర్శి

చౌటుప్పల్, షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌసుల్లో, నల్గొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇళ్ల వెనక ఖాళీ జాగాల్లో అక్కడక్కడా హాట్ టబ్బులు, అంటే మనుషులు కూర్చునే వేడినీళ్ల తొట్లు, కనిపిస్తున్నాయి. ఎక్కువగా గాలి నింపుకునే రకమే. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు అమ్మానాన్నల మోకాళ్ల నొప్పులకు పనికొస్తుందని కొనిచ్చి వెళ్తారు. మొదటిసారి నింపడం ఎవరో ఒకరు దగ్గరుండి చేసిపెడతారు. పిల్లలు వెళ్లిపోయాక, పాత నీళ్లు తీసేసి మళ్లీ నింపాల్సి వచ్చినప్పుడు అసలు పని మొదలవుతుంది.

టబ్బుతో వచ్చే పుస్తకం చలిదేశాల వాళ్ల కోసం రాసింది. మన దగ్గర సంగతి వేరు. బోరు నీళ్లు భూమిలోంచే వెచ్చగా వస్తాయి, ఎండ ఊరికే దొరుకుతుంది, కాబట్టి వేడి చేసే ఖర్చులో సగం మొదటే మిగుల్చుకోవచ్చు. కానీ ఆ నీళ్లలో ఉప్పులు ఎక్కువ. చూసుకోకుండా పోస్తే హీటరు పాడవుతుంది, నీళ్లు ఎన్ని మందులు వేసినా తేటపడవు. పైగా వెయ్యి లీటర్ల నీళ్లంటే మన ప్రాంతంలో చిన్న మాట కాదు. మిషన్ భగీరథ లెక్క ప్రకారం పల్లెలో ఒక మనిషికి రోజుకు 100 లీటర్లు. అంటే టబ్బులో పోసేది పది మంది ఒక రోజు వాడుకునే నీళ్లు. అందుకే ఒకసారి నింపితే ఆ నీళ్లు మూడు నెలలైనా నిలబడేలా నింపాలన్నదే ఇక్కడ నేను చెప్పేదంతా.

లెక్కలన్నీ 1000 లీటర్ల టబ్బుకు ఇస్తున్నాను. మీది 800 అయితే ఐదో వంతు తగ్గించుకోండి, 1400 అయితే ఆ మేరకు పెంచుకోండి.

ఎప్పుడు మార్చాలి

దీనికి ఒక సులువైన లెక్క ఉంది. టబ్బు పట్టే లీటర్లను 12తో భాగించి, వచ్చినదాన్ని రోజుకు సగటున దిగే మనుషుల సంఖ్యతో భాగించాలి. 1000 లీటర్ల టబ్బులో రోజూ ఇద్దరు దిగితే సుమారు 41 రోజులు. వారానికి రెండు మూడు సార్లే వాడేవాళ్లకు మూడు నాలుగు నెలలు వస్తాయి. అంతకన్నా ముందే నీళ్లు నురగ కడుతున్నా, మందు వేసిన మర్నాటికే క్లోరిన్ మాయమవుతున్నా, మూత తీయగానే ఘాటు వాసన కొడుతున్నా మార్చేయండి. ఆ ఘాటు వాసన క్లోరిన్ ఎక్కువై వచ్చేది కాదు. చెమటతో, మురికితో కలిసి పని అయిపోయిన క్లోరిన్ అలా వాసన వస్తుంది.

పాత నీళ్లు తీసే ముందు

నేరుగా ఖాళీ చేయకండి. టబ్బు గోడలు మెరుస్తున్నా పైపుల లోపల, పంపు దగ్గర జిగురు పొర పేరుకుని ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ పొరలో దాక్కుంటాయి. దాన్ని వదిలేసి కొత్త నీళ్లు పోస్తే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. టబ్బు పైపులు కడిగే ద్రావణం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముందు ఫిల్టరు బయటకు తీసి, ఆ ద్రావణాన్ని పాత నీళ్లలోనే పోసి, డబ్బా మీద రాసినంత సేపు పంపు, బుడగలు రెండూ నడపండి. నీటి పైన గోధుమరంగు మురికి తేలుతుంది. ఎంత ఎక్కువ తేలితే అంత మంచిదనుకోండి.

ఈ నీళ్లు చెట్లకు పనికిరావు. వీటిని మురుగు కాలువలోకే పంపాలి. ఇలా ప్రతిసారీ చేయనవసరం లేదు, రెండు మార్పులకు ఒకసారి చాలు. చేయని సారి ఆ వెయ్యి లీటర్లూ తోటకు వాడుకోవచ్చు. దానికి రెండు మూడు రోజుల ముందే క్లోరిన్ వేయడం ఆపి, పగలు మూత తీసి ఎండ తగలనివ్వండి. మన ఎండకు క్లోరిన్ తొందరగానే విరిగిపోతుంది. టెస్ట్ స్ట్రిప్ (నీళ్లలో ముంచితే గడుల రంగు మారే పట్టీ) ముంచితే క్లోరిన్ గడి దాదాపు తెల్లగా ఉండాలి. అప్పుడు మామిడి, కొబ్బరి, వేప లాంటి పెద్ద చెట్ల పాదులకు పంచి పెట్టండి. నారుమడికీ, పూలకుండీలకూ వద్దు. ప్రతిసారీ ఒకే చెట్టుకు పోయొద్దు. టబ్బు నీళ్లలో సోడియం ఎక్కువ, ఒకే చోట పోస్తూ పోతే మంచి చెల్క నేల కూడా చౌడు తేలుతుంది. క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడే టబ్బు నీళ్లు మాత్రం చెట్లకు పెట్టకండి. చెరువులోకి, బావిలోకి ఏ టబ్బు నీళ్లూ వదలొద్దు.

ఖాళీ చేయడం, కడగడం

అన్నిటికంటే ముందు కరెంటు. టబ్బు స్విచ్ ఆపితే సరిపోదు, దాని ఎంసీబీ దించి ప్లగ్గు పీకండి. నీళ్లు లేకుండా హీటరు ఒక్క నిమిషం నడిచినా కాలిపోవచ్చు. వేడి నీళ్లయితే కాసేపు చల్లారనివ్వండి. తర్వాత అడుగున ఉన్న డ్రెయిన్ మూతకు పైపు తగిలించి వదలండి. నేల పల్లం లేకపోతే చిన్న మోటారు దించి తోడేయవచ్చు. చివర్లో మిగిలే రెండు మూడు బకెట్లను మగ్గుతో తోడి, పాత నూలు గుడ్డతో అద్దేయాలి.

కడగడానికి తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి మెత్తటి గుడ్డతో తుడవండి. నీటి మట్టం దగ్గర చుట్టూ కట్టిన తెల్లటి గీత ఉప్పు పొరే. వెనిగర్ గుడ్డను పది నిమిషాలు దాని మీద పరిచి ఉంచితే మెత్తబడి వస్తుంది. బాత్రూం యాసిడ్, గిన్నెలు తోమే పీచు, సర్ఫు వాడకండి. యాసిడ్ టబ్బు లోపలి పొరను తినేస్తుంది. సర్ఫు ఎంత కడిగినా మిగిలి, బుడగలు నడపగానే టబ్బు నిండా నురగ లేస్తుంది.

టబ్బు ఖాళీగా ఉన్నప్పుడే కింద నేల కూడా చూసుకోవాలి, నిండాక టన్ను బరువు కదలదు. గాలి టబ్బు అడుగున ఒక్క పల్లేరు కాయ, ఒక్క తుమ్మ ముల్లు చాలు. పక్కకు జరిపి ఊడ్చి, షాబాద్ బండల అంచులు ఎక్కడైనా లేచి ఉంటే సరిచేసి, మందపాటి ఫోమ్ షీటు పరిచి మళ్లీ పెట్టండి. ఎత్తేటప్పుడు చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి. వెచ్చగా, చీకటిగా ఉండే చోటు కాబట్టి తేళ్లు చేరతాయి.

డాబా మీద పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట. భారత ప్రమాణాల ప్రకారం మనుషులు ఎక్కే డాబా కప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కన కడతారు. రెండు మీటర్ల వెడల్పు గుండ్రటి టబ్బు, నీళ్లు, ముగ్గురు మనుషులు కలిస్తే చదరపు మీటరుకు 350 నుంచి 400 కిలోలు పడుతుంది. ఇంజినీరు చూసి రాసిస్తే తప్ప డాబా మీద టబ్బు నింపొద్దు. నేల మీదే పెట్టండి.

ఏ నీళ్లు పోయాలి

ఇక్కడ తొందరపడకండి. తర్వాతి మూడు నెలలు ఎలా ఉంటాయో ఈ దశలోనే తేలిపోతుంది.

మన బోరు నీళ్లను కనీసం మూడు లెక్కల్లో చూడాలి: గట్టిదనం, క్షారత, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత). గట్టిదనం అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బు నురగ రాకపోవడం, గీజరు రాడ్డు మీద తెల్లటి పొర కట్టడం దాని గుర్తులు. తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. టబ్బుకు 150 నుంచి 250 మధ్య ఉంటే హాయి. అంతకు మించితే, నీళ్లు వేడెక్కగానే కాల్షియం హీటరు మీదే కూర్చుంటుంది. అలా పాడైన హీటరు రాడ్డును విప్పి చూస్తే పైన గోరుమందం తెల్లటి పొర, గీరితే పెళుసుగా రాలుతుంది. ఆ పొర లోపల వేడి బయటికి రాలేక రాడ్డు తనంతట తానే కాలిపోతుంది.

క్షారత, అంటే ముఖ్యంగా నీళ్లలోని బైకార్బనేటు, సంగతి చాలామందికి తెలియదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో తరచు కాల్షియం తక్కువగా, బైకార్బనేటు మాత్రం ఎక్కువగా ఉంటుంది. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ అలాంటి నీళ్లలోనే బాగా కరుగుతుంది. కాబట్టి సబ్బు బాగానే నురగొస్తోంది కదా అని నీళ్లు మంచివనుకోవద్దు. క్షారత 80 నుంచి 120 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉండాల్సింది 300, 400 ఉంటే పీహెచ్ ఎంత దించినా మళ్లీ పైకే ఎగబాకుతుంది. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ బలం పడిపోతుంది. మందు వేస్తూనే ఉంటారు, నీళ్లు మసకగానే ఉంటాయి.

ఫ్లోరైడ్ గురించి భయం అక్కర్లేదు, జాగ్రత్త చాలు. అది తాగితేనే ఎముకలకు, పళ్లకు చేటు. ఒంటికి తగిలినందువల్ల లోపలికి చెప్పుకోదగ్గంత పోదు. టబ్బు నీళ్లు పిల్లలు నోట్లోకి తీసుకోకుండా చూడండి. వేడి చేస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నీరి సంస్థ తయారుచేసిన నల్గొండ టెక్నిక్. అది తాగే నీళ్ల కోసం. టబ్బులో పటిక వేస్తే ఫిల్టరు మూసుకుపోవడం తప్ప ఫలితం ఉండదు.

కొలవడానికి ఈత కొలనులకు వాడే ఐదారు గడుల టెస్ట్ స్ట్రిప్పులు చాలు. బోరు నీళ్లను ఒకసారి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో కూడా పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

బోరు ఒక్కటే కాకుండా కలిపి పోయడమే నా సలహా. డాబా మీద పడిన వాన నీళ్లను సంపులో పట్టుకునే ఇళ్లుంటే అంతకు మించినది లేదు, అవి చాలా మెత్తటి నీళ్లు. క్షారత 400 ఉన్న బోరు నీళ్లు సగం, 50 ఉన్న వాన నీళ్లు సగం కలిపితే 225కు దిగుతుంది. ఆర్వో నీళ్లతో నింపమని చెప్పేవాళ్లు ఉన్నారు. ఒక లీటరు ఆర్వో నీళ్లకు అంతకు రెండింతలు బయటికి పోయే యంత్రాలు ఉన్న చోట అది తగదు. పైగా ఉప్పులు బొత్తిగా లేని నీళ్లు లోహపు భాగాలను తినేస్తాయి.

భగీరథ నల్లా నీళ్లు మంచివే, కృష్ణ నుంచి శుద్ధి చేసి వచ్చేవి. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ పెట్టి మొదలుపెట్టిన పథకం అది, ఫ్లోరైడ్ ఊళ్లకు తాగునీళ్లు ఇవ్వడం దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. ఆ నీళ్లతో టబ్బు మొత్తం నింపడం నాకు నచ్చదు. మీ ఇంటి వాటాలో మిగిలినవి కొన్ని రోజులు పట్టి, బోరు నీళ్లలో కలుపుకోవచ్చు. నల్లాకు మోటారు బిగించి లాగడం మాత్రం పక్కింటివాళ్ల నోటి దగ్గర నీళ్లు లాక్కోవడమే. ఎండాకాలంలో అసలే వద్దు.

ట్యాంకరు నీళ్లయినా బోరువే అయి ఉంటాయి. వచ్చినప్పుడు ముందు ఒక మగ్గు పట్టి స్ట్రిప్ ముంచి చూశాకే పైపు పెట్టనివ్వండి.

వేడి ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

ఒక లెక్క గుర్తుంటే చాలు. వెయ్యి లీటర్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 1.16 యూనిట్ల కరెంటు పడుతుంది. రాడ్డుతో కాగబెట్టే ఏ హీటరు పెట్టినా, ఎంత ఖరీదు టబ్బు కొన్నా ఇది మారదు. టబ్బు హీటర్లు మామూలుగా 2 కిలోవాట్లు, అంటే గంటకు రెండు యూనిట్లు, మూత సరిగ్గా ఉంటే గంటకు ఒకటిన్నర డిగ్రీ దాకా.

ఇక నీళ్ల సంగతి చూడండి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు 19, 20 డిగ్రీలు ఉంటాయి. అదే సమయానికి బోరు నుంచి నేరుగా వచ్చే నీళ్లు గోరువెచ్చగా, 27 దాకా ఉంటాయి. పొలం దగ్గర చలికాలం పొద్దున్నే మోటారు కింద స్నానం చేసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. 38 డిగ్రీలకు చేరాలంటే ట్యాంకు నీళ్లకు 22 యూనిట్లు, బోరు నీళ్లకు 13 యూనిట్లు. చలికాలంలో ట్యాంకుకు ఎక్కించకుండా బోరు పైపు నుంచే టబ్బుకు పట్టండి, తొమ్మిది యూనిట్లు అక్కడే మిగులుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో దీనికి తలకిందులు. నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం మూడింటికి నీళ్లు 40 దాటిపోతాయి, నల్లా కింద చేయి పెట్టలేం. అప్పుడు హీటరు అసలు అక్కర్లేదు. థర్మామీటరుతో చూసి, అవసరమైతే బోరు నీళ్లు కలిపి చల్లార్చుకుంటూ నింపండి. ఆ రోజుల్లో 32, 33 డిగ్రీల నీళ్లే ఒంటికి హాయి.

మిగతా కాలాల్లో ఇంటి మీది సోలార్ హీటరే అన్నిటికంటే మేలు. 200 లీటర్ల సోలార్ నుంచి 200 లీటర్లూ ఒకే వేడితో రావు. వేడినీళ్లు వస్తున్న కొద్దీ వెనక చన్నీళ్లు చేరుతుంటాయి కాబట్టి 150 అనుకోండి. 60 డిగ్రీల నీళ్లు 150 లీటర్లు, 27 డిగ్రీల బోరు నీళ్లు 850 లీటర్లు కలిస్తే మొత్తం 32 డిగ్రీలవుతుంది. లెక్క ఇలా: ఒక్కోరకం నీళ్ల లీటర్లను వాటి డిగ్రీలతో హెచ్చించి, రెండూ కూడి, మొత్తం లీటర్లతో భాగించాలి. 32 నుంచి 38కి ఇక ఆరు డిగ్రీలే, ఏడు యూనిట్లు. మూత వేసి ఉంచితే ఐదు గంటల లోపు పని అయిపోతుంది.

గాజు గొట్టాల సోలార్ ఉన్నవాళ్లు ఒకటి మరవొద్దు. మిట్టమధ్యాహ్నం చన్నీళ్ల సరఫరా లేనప్పుడు ట్యాంకు మొత్తం తోడేయకండి. ఖాళీ గొట్టాలు ఎండకు మండిపోతుంటాయి, తర్వాత మోటారు వేయగానే చన్నీళ్లు తగిలి గాజు పగులుతుంది. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలప్పుడు, పైట్యాంకు నిండుగా ఉందో లేదో చూసుకుని పట్టుకోండి.

గీజరుతో నింపితే కరెంటు ఆదా అవుతుందనుకోవడం పొరపాటు. గీజరు కూడా అదే కరెంటుతో కాగబెడుతుంది. టైం మాత్రం కలిసొస్తుంది, ఎందుకంటే రెండు హీటర్లు ఒకేసారి పనిచేస్తాయి. 25 లీటర్ల గీజరు ఒక విడతకు అరగంట తీసుకుంటుంది.

కట్టెల బాయిలర్ సంగతి కూడా అడుగుతారు. సలసల కాగే నీళ్లు ఒక పెద్ద బకెట్, 20 లీటర్లు పోస్తే టబ్బు ఒక డిగ్రీ, మహా అయితే డిగ్రీన్నర పెరుగుతుంది. పది డిగ్రీలు పెంచాలంటే ఏడెనిమిది సార్లు మరిగే నీళ్లు మోసుకుంటూ వాకిలి దాటాలి. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే అది చేయకూడని పని. ఇక హీటర్ రాడ్డు టబ్బులో ముంచడం గురించి అయితే చర్చే వద్దు. ప్లాస్టిక్కు కరుగుతుంది, షాకు కొడితే ప్రాణమే పోతుంది.

నింపే వరస

గాలి టబ్బుల పుస్తకాల్లో 40 డిగ్రీలు దాటిన నీళ్లు నేరుగా పోయొద్దని రాసి ఉంటుంది. అంత వేడికి అతుకులు వదులవుతాయి. మరి సోలార్ నుంచి 60 వస్తాయి కదా? అందుకే టబ్బులోకి చేరకముందే కలపాలి. వై ఆకారపు కనెక్టరుకు ఒకవైపు వేడినీళ్ల పైపు, ఒకవైపు చన్నీళ్ల పైపు తగిలించి, రెండింటికీ వాల్వులు పెట్టండి. 60 డిగ్రీల నీళ్లు ఒక పాలు, 27 డిగ్రీల నీళ్లు రెండు పాళ్లు కలిస్తే సరిగ్గా 38 అవుతుంది. ముందు బకెట్‌లో పట్టి, థర్మామీటరు పెట్టి, వాల్వులు సరిచేసి, ఆ తర్వాతే పైపు టబ్బుకు మార్చండి. చెట్లకు నీళ్లు పట్టే పలచటి పైపు వేడికి మెత్తబడి జాయింటు దగ్గర ఊడివస్తుంది. లోపల దారం అల్లిక ఉన్న మందపాటి పైపు, క్లాంపు బిగించి వాడండి. అరవై డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుస్తాయి.

బోరు మోటారు వేయగానే మొదట వచ్చే మట్టి నీళ్లను చెట్లకు వదిలేయండి. తేటగా వచ్చాక, పైపు చివర రెండు మడతల తెల్లటి నూలు గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి, టబ్బులో ఫిల్టరు కూర్చునే గూటిలోంచి నింపడం మొదలుపెట్టండి. పైనుంచి పోస్తే పంపు పైపుల్లో గాలి చిక్కుకుంటుంది. తర్వాత పంపు గుయ్యిమంటుంది గానీ నీళ్లు తిరగవు. గూటిలోంచి నింపితే నీళ్లు గాలిని ముందుకు తోసుకుంటూ పోతాయి. గాలి రకం టబ్బుల్లో ఫిల్టరు గూడు లేకపోతే, నీళ్లు లోపలికి లాగే రంధ్రం దగ్గర పైపు పట్టుకుని నింపండి.

ముందు చన్నీళ్లే, 550 లీటర్ల దాకా. ఎక్కడైనా కారుతోందా, నేల సమంగా ఉందా అన్నది ఈ దశలోనే తెలిసిపోవాలి, వేడినీళ్లు వృథా కాకముందే. ఎంత సేపు పడుతుందో తెలియాలంటే 20 లీటర్ల బకెట్ ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూసుకోండి. రెండు నిమిషాలైతే వెయ్యి లీటర్లకు గంటా నలభై నిమిషాలు. తర్వాత సాయంత్రం వై కనెక్టరు నుంచి కలిపిన నీళ్లు 450 లీటర్లు. వేడినీళ్లు చివరికి ఉంచమనేది ఎందుకంటే, ముందే పోస్తే మిగతాది నిండేలోపు మూత లేని టబ్బు నుంచి వేడంతా గాలిలో కలిసిపోతుంది.

కనీస మట్టం గీత దాటాకే ఫిల్టరు బిగించి, కరెంటు ఇవ్వండి. ముందు పంపు ఒక్కటే నడిపి, నీళ్లు తిరుగుతున్నాయని చేత్తో చూసుకుని, అప్పుడు హీటరు వేయండి. గాలి పట్టేసి ఉంటే పంపు ఆపి, పైపు జాయింటు కాస్త వదులు చేసి, బుస్సుమని గాలి పోయి నీళ్లు చుక్కలు పడగానే బిగించేయాలి.

కరెంటు జాగ్రత్తలు

టబ్బుకు విడిగా 16 ఆంపియర్ల లైను, దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి. ఇది లేకుండా నీళ్లు నింపే పని కూడా మొదలుపెట్టకండి. దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి, పడకపోతే మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు టబ్బు దగ్గర ఉండకూడదు. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంత ఎండిపోతుంది, వారానికొకసారి ఒక బిందె నీళ్లు పోయండి. సాయంత్రాలు ఓల్టేజీ బాగా పడిపోయే ఊళ్లలో హీటరు పగలే నడుపుకోవడం మంచిది. ఫామ్‌హౌసుల్లో వ్యవసాయ మోటారు కనెక్షన్ నుంచి టబ్బు నడపడం చట్టవిరుద్ధం. ఆ ఉచిత కరెంటు పంటల కోసం ఇచ్చింది.

నీళ్లు సరిచేయడం

వరస తప్పకూడదు: ముందు క్షారత, తర్వాత పీహెచ్, ఆఖరికి క్లోరిన్.

క్షారత తగ్గించడానికి పీహెచ్ మైనస్ పేరుతో అమ్మే సోడియం బైసల్ఫేటు వాడాలి. వెయ్యి లీటర్లకు 10 పీపీఎం తగ్గాలంటే సుమారు 25 గ్రాములు. 225 నుంచి 120కు దించాలంటే సుమారు 260 గ్రాములు కావాలి, కానీ ఒకేసారి వేస్తే పీహెచ్ అమాంతం పడిపోయి హీటరు లోహాన్ని తినేస్తుంది. నాలుగైదు విడతలుగా, విడతకు యాభై అరవై గ్రాములు, మధ్యలో మూడు నాలుగు గంటలు వదలండి. ఆ మధ్యలో మూత తీసి బుడగలు నడపండి. బుడగలతో నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ మాత్రమే పైకి లేస్తుంది, క్షారత అలాగే కిందే ఉంటుంది. మన నీళ్లకు ఈ కిటుకు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. పీహెచ్ చివరికి 7.2, 7.8 మధ్య నిలబడాలి. వాన నీళ్లు ఎక్కువై క్షారత 80 కంటే తగ్గితే వంట సోడా, 10 పీపీఎంకు 18 గ్రాముల లెక్కన.

క్లోరిన్‌కు డైక్లోర్ గుళికల పొడి తీసుకోండి. 18 గ్రాములు వేస్తే సుమారు 10 పీపీఎం అవుతుంది. కొత్త నీళ్లకు మొదటి రాత్రి అంత ఇచ్చి, మూత కాస్త తీసి పంపు నడపండి. తెల్లారి 3 నుంచి 5 పీపీఎం మధ్యకు వచ్చాకే దిగాలి. తర్వాత వాడినప్పుడల్లా ఐదారు గ్రాములు, అంటే ఒక టీస్పూను. క్లోరిన్ వేయగానే నీళ్లు గోధుమరంగుకు తిరిగితే ఇనుము ఉన్నట్టు. కంగారు పడొద్దు. పంపు నడుపుతూ, కొన్ని గంటలకోసారి ఫిల్టరు తీసి కడుగుతూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది.

పంచాయతీ వాళ్లు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు ఇందులో వద్దు, అడుగున సున్నం దిగి ఫిల్టరు నిండుతుంది. ఏ మందైనా మగ్గు నీళ్లలో కలిపి పోయండి, నీళ్లలో మందు వేయాలి గానీ మందు మీద నీళ్లు పోయకూడదు. క్లోరిన్ పొడి, పీహెచ్ మైనస్ రెండూ ఒకే చెంచాతో తీయకండి, ఒకే అలమరలో పక్కపక్కన పెట్టకండి. అవి కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఎవరు దిగొచ్చు, ఎంత సేపు

నీళ్లు 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. పెద్దవాళ్లకు 37, 38 చాలు, పదిహేను నిమిషాలు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు, వాళ్ల తరఫున ఇంకొకరు చేయి పెట్టి చూడాలి. గర్భిణులు, ఐదేళ్ల లోపు పిల్లలు దిగకూడదు. కల్లు గానీ మందు గానీ తాగి దిగొద్దు. ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వెచ్చటి నీళ్లలో కాసేపు వాళ్లకు సుఖంగా ఉంటుంది, లేవనెత్తడానికి ఒక మనిషి పక్కనే ఉండాలి. జబ్బు దీనితో తగ్గదని మాత్రం ముందే చెప్పండి, మందులు మానేయకుండా.

వెచ్చటి నీళ్లలో క్లోరిన్ లేకపోతే ఊపిరితిత్తులకు పట్టే లెజియొనెల్లా లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి. 25 నుంచి 45 డిగ్రీల వేడి వాటికి సరిగ్గా నచ్చుతుంది. దిగే ప్రతిసారీ స్ట్రిప్ ముంచి చూడండి. 3 పీపీఎం కంటే తక్కువుంటే ఆ రోజు ముందు మందు, తర్వాతే స్నానం. తలకు నూనె పెట్టుకుని, నలుగు పెట్టుకుని టబ్బులోకి దిగొద్దు. ముందు మామూలు స్నానం చేసి, సబ్బు పూర్తిగా కడుక్కుని దిగితే నీళ్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి. వాడనప్పుడు మూత తాళం వేసే ఉండాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

నిండిన తర్వాత

ఆవిరై తగ్గిన నీళ్లను వారానికోసారి నింపుకోవాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులన్నీ టబ్బులోనే ఉండిపోతాయి. ఆ ఖాళీని మళ్లీ బోరు నీళ్లతో పూడిస్తే గట్టిదనం వారం వారం పెరుగుతుంది. దాచుకున్న వాన నీళ్లో, రెండు మూడు బిందెల నల్లా నీళ్లో పోయండి. ఫిల్టరును వారానికోసారి పైపు కింద మడతలు విప్పి కడగండి. నెలకోసారి రాత్రంతా వెనిగర్ నీళ్లలో నానబెట్టి, మళ్లీ పెట్టే ముందు శుభ్రంగా కడిగేయండి. నీళ్లలో కరిగిన ఉప్పులు మొత్తం ఎంతో చూపే టీడీఎస్ మీటరు చౌకలో దొరుకుతుంది, ఒకటి కొని, నింపిన రోజు అంకె టబ్బు పక్క గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ అంకె కంటే 1500 పెరిగిందంటే, ఎన్ని రోజులైందన్నది పక్కనపెట్టి నీళ్లు మార్చేయాలి.